అణుమానం

"యురేనియం అన్నడన్నా! ఈ చెవులతోని విన్న. ఫోన్ల, గుసగుసగ, యురేనియం అన్నడు!"

జలంధర్ గదిలోకి వచ్చాడనడం కంటే పడ్డాడనడం సబబు. గుమ్మం బయట చెప్పులు విడిచే మనిషి చెప్పులతోనే నా మంచమెక్కాడు. పేరుకు తగ్గట్టు వాడికి జలదరింపు కొంచెం ఎక్కువే గానీ, ఇంతగా వణకడం నేనెప్పుడూ చూడలేదు.

"ఎవలన్నరు తమ్మీ?"

"ఇంకెవలు? మన చిరంజీవే. వరండాల నిలవడి పెండ్లాంతోని మాట్లాడుతుండు. నన్ను జూసి గమ్మునయ్యిండు."

ఎదురు మంచం మీద మోకాళ్లకు నూనె రాసుకుంటున్న హమీదుద్దీన్ సీసా మూత బిగించాడు. "క్యా బోలే మియా? పెండ్లాంతోని ఎవలన్న యురేనియం మాట్లాడ్తరా? బియ్యం మాట్లాడ్తరు."

"గదే గద భాయ్ నా డౌటు!"

ఖతర్‌లోని మా అల్ ఖోర్ క్యాంప్‌లో చాడీకోర్లకు కొదవ లేదు గానీ, మా గది మాత్రం అంతవరకు పరువుగా నడిచింది. నలుగురం ఉంటాం. నేను రాజనర్సును, సైట్‌లో స్టోర్ చూస్తాను. పేరులో నర్సు ఉంది గానీ సూది చూస్తే కళ్లు తిరిగే రకం. హమీదుద్దీన్ హైదరాబాద్ వాడు, రోజూ మమ్మల్ని రాస్ లఫాన్ గ్యాస్ ప్లాంటుకు తీసుకెళ్లే బస్సు తోలుతాడు. పేరులో హామీ వినిపిస్తుంది గానీ, రేపు తెల్లవారుతుందని కూడా హామీ ఇవ్వడు. జలంధర్‌ది నిజామాబాద్ వైపు, స్కాఫోల్డర్. వెల్డర్లు నిలబడి పని చేయడానికి ఇనుప గొట్టాలతో పరంజా కడతాడు. కింద ఏమీ లేకపోయినా అంతస్తు మీద అంతస్తు లేపడం వాడి వృత్తి. ఆ బుధవారం సాయంత్రం మాటలతోనూ అదే లేపాడు.

నాలుగోవాడు చిరంజీవి, జలంధర్ ఊరివాడే. మొన్నటిదాకా జలంధర్ గ్యాంగులోనే పని. ఈమధ్య వేరే కంపెనీలో హెల్పర్‌గా చేరాడు. క్యాంప్ ఒకటే కాబట్టి మంచం మారలేదు, మనిషి మాత్రం మారాడు. మేమందరం పడుకునే శుక్రవారం వాడు డ్యూటీకి పోతాడు. ఛాతీ మీద చిన్న బ్యాడ్జి. ఏం పని రా అంటే "ఫోటోలు" అంటాడు. ఏం ఫోటోలు అంటే తలగడ సర్దుకుంటాడు.

ఇక యురేనియం మా గదిలోకి ఎలా వచ్చిందంటే, నా నోటి ద్వారా వచ్చింది.

పోయిన శుక్రవారం మటన్ ఉడికేదాకా కాలక్షేపానికి, ఫోన్లో చూసిన ఓ నిజం సంగతి చెప్పాను. చిరంజీవి ఆ పూట డ్యూటీలో ఉన్నాడు. రెండో ప్రపంచ యుద్ధం. జర్మనీ వాడు అణుబాంబు చేసేస్తున్నాడేమోనని అమెరికా వాడికి అనుమానం పట్టుకుంది. వాడికంటే ముందు మనమే చేద్దామని చాటుగా పని మొదలుపెట్టారు. టెనెసీ అనే రాష్ట్రంలో (టెన్షన్ అక్కడే పుట్టి ఉంటుందని నా నమ్మకం) రైతులకు కొద్ది వారాల గడువిచ్చి ఇళ్లు ఖాళీ చేయించి, చుట్టూ కంచె వేసి, మ్యాపులో లేని ఊరొకటి కట్టారు. పల్లెల నుంచి వచ్చిన ఆడపిల్లల్ని వరసగా స్టూళ్ల మీద కూర్చోబెట్టి, ముల్లు ఇటు పోతే ఈ మర తిప్పు, అటు పోతే ఆ మర తిప్పు అన్నారు. ఎందుకని అడిగిన పిల్ల మర్నాడు కనిపించేది కాదు, ఆ స్టూలు మీద ఇంకో పిల్ల ఉండేది. యుద్ధంలో రాగికి కరువొస్తే సర్కారు ఖజానాలో వెండి తెచ్చి ఆ యంత్రాలకు చుట్టారు. అంత వెండి మధ్య కూర్చుని కూడా ఆ పిల్లలకు తాము తీస్తున్నది బాంబుకు కావాల్సిన యురేనియం అని తెలియదు. జపాన్ మీద బాంబు పడ్డాక రేడియో చెబితే తెలిసింది.

"మరి ఇంటోళ్లు అడగలేదానే, ఏం పని జేస్తుండ్రని?" అన్నాడు జలంధర్ అప్పుడు.

"అడిగిండ్రు. గమ్మునుండుమన్నరు. లేకుంటె ఏదో ఒకటి చెప్పి తప్పించుకొమ్మన్నరు."

"జర్మనీవోడు ముందుగాల చేసిండా, వీళ్లా?"

"జర్మనీవోడు దాని దరిదాపులకు గూడ పోలే. గందుకే అంటున్న, అణుబాంబుకు అసలు సరుకు యురేనియం గాదు తమ్మీ, అనుమానం. దాన్ని అణుమానం అనాలె!"

నేను గట్టిగా నవ్వాను. గదిలో ఇంకెవరూ నవ్వలేదు. జలంధర్ కిటికీలోంచి రాస్ లఫాన్ వైపు చూస్తున్నాడు. ఆ చూపు నాకు అప్పుడే నచ్చలేదు.

ఇప్పుడు నా మంచం మీద కూర్చుని ఆ చూపుకు అంతస్తులు కడుతున్నాడు. "కంచె ఉన్నదా? మనకాడ గూడ ఉన్నది. గేటు పాసు? ఉన్నది. కెమెరా ఫోను? మాఫీ, తేవొద్దు. పైపుల ఏం పోతుందో నువ్వు జూసినవా? నేను జూసిన్నా? ఇగ వాడు చేసే పని. శుక్రారం సైట్ల ఎవ్వలుండరు. పసుపుపచ్చ రిబ్బను గట్టి, మూడు రెక్కల ఫ్యాను బొమ్మ పెడ్తరు. మొన్న ఒకనాడు నేను సామాన్లకని పోతె దూరం దూరం అని ఉరికొచ్చిండ్రు. బరువు డబ్బ ఒకటి ఇద్దరు మోస్తుండ్రు. ఇంతుంటది, అంత బరువేందన్నా దానికి?"

స్టోర్‌కు ఆ డబ్బా ఎన్నడూ రాలేదు. స్టోర్‌కు రాని సామాను సైట్‌లో ఉందంటే స్టోర్‌కీపర్‌కు వచ్చే అనుమానం వేరు, నాకూ ఆ క్షణాన వచ్చింది.

"అసలు నీకేం కష్టం రా?" అన్నాను ధైర్యం తెచ్చుకుని.

"ఆదివారం మెడికలున్నది గదనే!"

అదీ సంగతి. మా కాంట్రాక్టు ఇంకో కంపెనీ చేతికి పోయింది. నేను, జలంధర్, హమీదుద్దీన్ ముగ్గురం కొత్త కంపెనీ పేరు మీదికి మారుతున్నాం. కొత్త కాగితాలకు మళ్లీ మెడికల్: రక్తం, ఛాతీ ఎక్స్‌రే. గల్ఫ్‌లో ఉన్నవాడికి ఆ ఎక్స్‌రే ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు. మచ్చ కనిపిస్తే అన్‌ఫిట్, అన్‌ఫిట్ అంటే ఇంటికి విమానం. జలంధర్‌కు ఒకసారి బొంబాయిలోనే మచ్చ కనిపించింది. ఎప్పుడో మానిన దగ్గు తాలూకు గుర్తు అది. పెట్టె సర్దుకుని వీడ్కోలు తీసుకున్న మనిషి పెట్టెతోనే ఊరికి తిరిగొచ్చాడు. ఏడాది తిరిగి, డాక్టర్ల చుట్టూ తిరిగి, మళ్లీ ఫోటో తీయించుకుని గానీ ఇక్కడికి చేరలేదు. ఆ ఏడాది ఊళ్లో వాడి పేరు అన్‌ఫిట్ జలంధర్.

"వాని ఒంటికి పట్టినది నాకు అంటుకుంటది. పక్కపక్క మంచాలు. ఎక్స్‌రేల తెల్లగ కనవడ్తది. నా బతుకు మల్ల పెట్టె పట్టుకొని బస్టాండ్ల దిగుడే."

అప్పుడే చిరంజీవి ఫోను జేబులో పెట్టుకుంటూ లోపలికి వచ్చాడు. ముప్పై అయిదేళ్లవాడు, సన్నగా పొడుగ్గా, అడిగిందానికే మాట్లాడే మనిషి. మేం ముగ్గురం ఒకేసారి వాడి ఛాతీ వైపు చూశాం.

"ఏమైందే?" అన్నాడు.

"ఫోన్ల ఏమన్నవ్?" జలంధర్ లేచి నిలబడ్డాడు.

"ఏమన్న?"

"యు... రే... ని..."

చిరంజీవి కాసేపు ఆలోచించాడు. "ఊరే నయం అన్న. ఎండ మండుతుంది, ఈడికన్న ఊరే నయం అన్న. ఎందుకే?"

నా నవ్వుకు గది అదిరింది. నేను జన్మలో వేయలేని శ్లేష వాడు తెలియకుండానే వేసేశాడన్న అసూయ కూడా అందులో కొంత ఉంది. అప్పటికప్పుడు వాడి భార్య మనీషాకు ఫోను కలిపించి స్పీకర్ పెట్టాం. "అవునన్నా, ఊరే నయమన్నడు. నయమైతే రమ్మన్న నేను. ఎందుకడుగుతుండ్రు?" అంది ఆ అమ్మాయి.

విషయం అక్కడితో అయిపోవాలి. అవలేదు.

"పెండ్లానికి గూడ నేర్పి పెట్టిండు," అన్నాడు జలంధర్ నా చెవిలో. "ఏదో ఒకటి చెప్పి తప్పించుకొమ్మంటరని నువ్వే చెప్తివి గద!"

హమీదుద్దీన్ గొంతు సవరించుకున్నాడు. "చిరంజీవి మియా, బురా నక్కో మానో, తప్పుగ అనుకోకు. ఆ బ్యాడ్జి ఏంది?"

"మీద ఎంత పడుతుందో లెక్క జూస్తది భాయ్."

"ఏం పడ్తది?"

చిరంజీవి మా ముఖాలు ఒక్కొక్కటే చూశాడు. "రేడియేషన్."

"ఆ బరువు డబ్బ?"

"గది దాంట్లనే ఉంటది."

"పని అయినంక డబ్బ ఏడ పెడ్తరు?"

"అది ఎవలకు చెప్పొద్దన్నరు. ట్రైనింగుల."

హమీదుద్దీన్ నా వైపు వంగాడు. "బ్యాడ్జి గాదు నర్సు మియా. బ్యాడ్... జీ!"

శ్లేష బాగుంది. నవ్వు మాత్రం రాలేదు.

మర్నాడు గురువారం, వంట చిరంజీవి వంతు. మా మెస్‌కు ఉన్నది ఒకటే నియమం: వంతు ఎవరిదైతే వంట వాడిది, ఉప్పెక్కువైనా పప్పు మాడినా నోరెత్తకుండా తినాలి. మెస్‌లో ఒకడి వంట ముట్టకపోవడమంటే వాణ్ణి మనుషుల్లోంచి తీసేసినట్టే. చిరంజీవి కోడికూర చేశాడు. జలంధర్ ఖుబూస్ రొట్టె, పెరుగు ప్యాకెట్ తెచ్చుకుని గోడ వైపు తిరిగి తిన్నాడు. హమీదుద్దీన్ కడుపులో గ్యాస్ అన్నాడు. నేను తిన్నాను, అబద్ధమెందుకు, రెండు ముక్కలు. అవి కూడా ముక్కలు కావు, అనుమానపు తునకలు. మిగిలిన కూర గిన్నెతో సహా చిరంజీవి ముందే ఉండిపోయింది. వాడు మూత పెట్టాడు.

తిన్నాక జలంధర్ కిచెన్‌లోని అల్యూమినియం ఫాయిల్ చుట్ట తెచ్చి రెండు మంచాల మధ్య తెరలా వేలాడదీశాడు. మెరిసే ఆ తెర వెనకాల చిరంజీవి పెళ్లికొడుకులా కూర్చున్నాడు, ముఖం మాత్రం అలా లేదు. నేను జలంధర్‌ను కోప్పడ్డాను. కోప్పడి, నా తలగడను మంచం ఇటు చివర నుంచి అటు చివరకు మార్చుకున్నాను. అటు గాలి బాగా వస్తుంది.

శుక్రవారం మధ్యాహ్నానికి సంగతి ఊరు చేరి తిరిగొచ్చింది. జలంధర్ తన భార్య మాలతికి ఎవరికీ చెప్పకని చెప్పాడు. ఆమె తన అత్త రాములవ్వకు ఎవరికీ చెప్పకని చెప్పింది. రాములవ్వ బీడీలు చుట్టే ఆడవాళ్ల మధ్య కూర్చుని చెప్పింది. గామా కిరణాలు గ్రామ కిరాణాల దాకా పోయాయి. "దుబాయ్‌ల చిరంజీవి బాంబులు చేస్తుండట గదా, నిజమేనా?" అని మాలతి మళ్లీ ఫోను చేసింది. మాది దుబాయ్ కాదు ఖతర్ అని ఊరికి చెప్పడం మేం ఎప్పుడో మానుకున్నాం. ఆ సాయంత్రానికి సంగతి క్యాంప్ బ్లాకంతా పాకి, చిరంజీవి బాత్‌రూమ్‌కు పోతే వరస ఖాళీ అవుతోంది.

డ్యూటీ నుంచి వచ్చిన చిరంజీవి ఫాయిల్ తెర పక్కకు జరపకుండానే పరుపు చుట్టాడు.

"ఏడికి పోతున్నవ్ రా?" అన్నాను.

"పక్క రూముల నేపాలోళ్లను అడిగిన. వరండాల పండుకొమ్మన్నరు." పరుపు భుజానికి ఎత్తుకున్నాడు. "జలంధరన్నా, నీ మెడికలయ్యేదాక ఈ రూముల కాలు పెట్ట. మా ఇంటామె ఏడుస్తుంది, ఊళ్లె ఎవలు మాట్లాడ్తలేరట. ఒక్కటి చెప్తున్న. నేను చేసేది ఫోటోలే."

జలంధర్ మాత్రం తువ్వాలు తీసుకుని బాత్‌రూమ్‌కు పోయాడు. నిమ్మకాయలు పిండిన నీళ్లతో రుద్ది రుద్ది స్నానం చేసి వచ్చి, ఛాతీ శుభ్రమవుతుందని బెల్లం ముక్క బుగ్గన పెట్టుకున్నాడు.

ఆదివారం పొద్దున్నే కంపెనీ మనిషి ఫర్హాన్ మమ్మల్ని మెడికల్‌కు తీసుకెళ్లాడు. వరసలో జలంధర్ నా ముందు, నా వెనక హమీదుద్దీన్. రక్తం ఇచ్చాం. నేను కళ్లు మూసుకుని ఇచ్చాను. ఎక్స్‌రే గది దగ్గర వరస కదులుతుంటే జలంధర్ పెదాలు కదులుతున్నాయి. వాడి వంతు వచ్చింది. తలుపు తెరుచుకుంది. వాడు లోపల ఒక అడుగు వేసి, గబుక్కున వెనక్కి వచ్చి నా కాలు తొక్కాడు.

"నర్సన్నా, ఈడ గూడ ఉన్నది!"

"ఏమున్నది?"

"తలుపు మీద జూడు!"

పసుపుపచ్చ మీద మూడు రెక్కల ఫ్యాను. లోపల తెల్లకోటు వేసుకున్న టెక్నీషియన్ అమ్మాయి నిలబడి ఉంది. ఆమె కోటు మీద, సరిగ్గా చిరంజీవికి ఉన్నచోటే, అచ్చం అలాంటి బ్యాడ్జి.

"ఈమె గూడ ఆ ముఠానే! నేను పోను. నాకు ఫోటో వద్దు!"

"యల్లా, యల్లా, కదలుండ్రి!" ఫర్హాన్ వరస చివర నుంచి అరుస్తున్నాడు. "పోకుంటె ఆబ్సెంట్ రాస్తరు! కాగితాలు ఆగిపోతయ్!"

ఆ అమ్మాయి తలుపు దగ్గరికి వచ్చింది. పేరు చీటీ మీద సమ్రీన్ అని ఉంది. "క్యా హువా భాయ్ కో? తెలుగోళ్లా? మాది మల్లేపల్లి. చెప్పండి అన్నా, భయమేంది?"

హైదరాబాద్ మాట చెవిన పడగానే జలంధర్ కాస్త నిలదొక్కుకున్నాడు. వేలితో ఆమె కోటు చూపించాడు. "గదేంది మేడం?"

"ఇదా? బ్యాడ్జ్. దినమంతా ఇదే పని గదా నాకు. నా మీద ఎంత రేడియేషన్ పడిందో దీన్ని పంపించి చూస్తారు."

"ఈడ రేడియేషన్ ఎందుకున్నది?"

సమ్రీన్ వింతగా చూసింది. "ఎక్స్‌రే అంటే అదే గదా అన్నా. ఛాతీలకెల్లి పోతది, ఫోటో పడ్తది, అయిపోతది. మీ ఒంట్ల ఏం ఉండదు. లైటు బంద్ చేసినంక గోడ మీద వెలుగు మిగుల్తదా?"

"అంటె... బొంబాయిల తీసింది గూడ?"

"అన్నీ అదే."

వెనక వరస గొణుగుతోంది. నేను వాడి వీపు మీద చెయ్యి వేశాను. అప్పుడు వాడు నాతో కాదు, సమ్రీన్‌తో కాదు, తలుపు మీది బొమ్మతో మాట్లాడుతున్నట్టు మెల్లగా అన్నాడు.

"శుక్రారం వాళ్లు పోతరు. శనివారం నేను పోయేసరికి కొన్ని అతుకుల మీద రంగుతోని గీత ఉంటది. మల్ల పరంజా కట్టుమంటరు. మంచిగ కనవడే అతుకును కోసి మల్ల వెల్డింగ్ చేస్తరు. పైకి ఏం లేదు, మంచిగనే ఉన్నది, ఎందుకు కోస్తుండ్రని మస్తు తిట్టుకున్న. లోపట ఉన్నట్టుంది అన్నా. లోపట మచ్చ ఉన్నట్టుంది!"

"ఏందిరా?"

"వాడు పైపులకు మెడికల్ జేస్తుండే! మనకు తీసినట్టే పైపుకు తీస్తుండ్రు. మచ్చ లేకుంటె ఫిట్, మచ్చ ఉంటె అన్‌ఫిట్. కోసుడే!"

"మచ్చ దొరికితె పైపును గూడ ఇంటికి పంపిస్తరా మియా?" అన్నాడు హమీదుద్దీన్ వెనక నుంచి.

"లేదు భాయ్. దానికి మల్ల అతికిచ్చుకునే మోకా ఇస్తరు."

ఆ మాట అని వాడు చొక్కా గుండీలు విప్పుకుంటూ లోపలికి పోయాడు. ఊపిరి బిగపట్టమన్నప్పుడు బిగపట్టాడు, వదలమన్నప్పుడు వదిలాడు. బయటికి వచ్చినప్పుడు ముఖం కడుక్కున్నవాడిలా ఉన్నాడు.

ఫలితం చేతికి రావడానికి రెండు రోజులు పట్టింది, ఫిట్ అనే వచ్చింది. కానీ ఆ ఆదివారం సాయంత్రం ఆ సంగతి ఎవరికీ తెలియదు, జలంధర్‌కు అసలే తెలియదు. తెలియకుండానే వాడు చేసిన పని చెప్పాలి.

బ్లాకంతా కలిసి తినే హాలులో చిరంజీవి ఒక మూల ఒక్కడే పళ్లెంతో కూర్చున్నాడు. వాడి చుట్టూ నాలుగు బల్లలు ఖాళీ. నలుగురిలో నోరు విప్పని జలంధర్ నేరుగా పోయి ఆ ఖాళీ బల్ల ఒకటి ఎక్కి నిలబడ్డాడు. పరంజా మీద నిలబడ్డ అలవాటు, కాలు వణకలేదు.

"అందరు ఇనుండ్రి! వీడు బాంబులు చేస్తుండని నేనే అన్న. గది అబద్ధం. వీడు పైపులకు ఎక్స్‌రే తీస్తడు. మనందరికి తీసిండ్రు గద, గదే. డబ్బ ఏడుంటదో చెప్పొద్దన్నరంటె, దొంగల చేతుల వడొద్దని చెప్పొద్దన్నరు. ఇంకేం లేదు."

హాలంతా చెంచాలు ఆపింది. నేపాలీ కుర్రవాళ్ల కోసం హమీదుద్దీన్ హిందీలో ఒక్కో మాటా తిరిగి చెబుతున్నాడు, తనే కనిపెట్టినంత దర్జాగా.

"నాకు ఇయ్యాల మెడికలయ్యింది. రిజల్టు రాలే. రేపు నాది అన్‌ఫిట్ వచ్చినా గది నా ఛాతీల పాత మచ్చ. వీనితోని గాదు. అందరి ముందట చెప్తున్న, రేపు నేను మాట మారిస్తె నా ముఖాన ఉమ్ముండ్రి!"

బల్ల దిగి చిరంజీవి పళ్లెంలోంచి ఒక ముద్ద తీసుకుని నోట్లో పెట్టుకున్నాడు. చిరంజీవి వాడి వైపు చూడలేదు. చాలాసేపటికి పళ్లెం ఇద్దరి మధ్యకు జరిపాడు. నేను అనుబంధం మీద, అణుబంధం మీద ఒక మాట అనబోయి, ఎందుకో మింగేశాను.

పరుపు గదిలోకి నేనే మోశాను. ఫాయిల్ తెర హమీదుద్దీన్ చింపాడు. జలంధర్ అప్పటికే వరండాలో ఫోను పట్టుకుని ఉన్నాడు.

"మాలతీ, ఇను. బాంబు గాదు. ఎక్స్‌రే. మనిషికి తీసినట్టు పైపుకు... ఆఁ, పైపుకే. అవ్వకియ్యి. అవ్వా, మొన్న నీ కాలు విరిగితె నిజామాబాద్ల ఫోటో తీసిండ్రు గద? గట్లనే పైపు అతుకు విరిగిందా లేదా అని తీస్తరు. పైపుకు కాలు ఉండదే! పక్కకెవలున్నరు? వాళ్లకియ్యి. అక్కా, నేను జలంధర్‌ను..."

ఫోను ఊళ్లో ఒక్కో చేతికీ మారుతోంది. ప్రతి చేతికీ వాడు మొదటి నుంచి చెబుతున్నాడు. చివరికి తిరిగి మాలతి దగ్గరికి వచ్చినట్టుంది.

"నాదా? ఇంకా రాలే," అన్నాడు. "వచ్చినంక చెప్తా. నువ్వు మాత్రం ముందుగాల మనీషా ఇంటికి పో. వాళ్ల వాకిట్ల నిలవడి, గల్లీ మొత్తం ఇనేటట్టు చెప్పు. రేపు గాదు, ఇప్పుడే పో."